చేతికియ్యని సూది

శాలిబండ,
14 అక్టోబరు 1940

అన్నా,

నిన్న రైలు కదిలినంక కిటికీల నుంచి తల బయటపెట్టి ఒక మాట అన్నవు. "బాపు చెయ్యి పడిపోతే నీ కాళ్లకు రెక్కలొచ్చినయిరా" అని. జవాబు చెప్దామని నాంపల్లి ప్లాట్‌ఫారం మీద నీ డబ్బా ఎంబడి ఉరికిన. డబ్బా ముందుకు పోయింది, జవాబు నా నోట్లనే ఉండిపోయింది. ఇప్పుడు రాస్తున్న, సదువుకో.

నా కాళ్లకు రెక్కలు కొత్తగ రాలే. బడి ఇడిసిపెట్టిన నాడే ఉన్నయి. బాపు మంచాన పడకముందే పూనా లైను లారీ కంపెనీల మాట్లాడుకున్న, నీకు ఎరుకే. లడాయి సామాను మోసే లారీలు, మనుషులు దొరుకుతలేరు. ముందు క్లీనర్, ఏడాదికి డ్రైవర్. బాపుకు గూడ చెప్పిన. "దర్జీ కొడుకు కూసోని తినాలె గాని ఉరికి తింటడా" అని కత్తెర ఇసిరిండు. ఆ కత్తెర తగల్లే. నీ మాట తగిలింది.

నువ్వు పెట్టిన షర్తు నాకు యాదికుంది, నీకు గూడ ఉండాలె. బాపు కుడిచేత సూది పట్టేదాక నేను మిషను ఇడిసి కదలొద్దు. పట్టిన దినమే నేను ఆజాద్. అమ్మ ముందట ఒప్పుకున్నవు. బొంబాయి గాలికి మర్చిపోకు.

బాపు నువ్వు చూసినట్టే ఉండు. మూతి ఓ పక్కకు, కుడి కాలు చెయ్యి మంచం మీద వేరేటోళ్లవి పెట్టినట్టు. మాట లేదు. "బ్బ" అంటడు అంతే. ఎడమ చేతికి ఇత్తడి గిలాస ఇచ్చినం. మంచం పట్టెకు ఒక్కసారి కొడితే నీళ్లు. ఆపకుండ కొడితే బయటికి తీస్కపోవాలె. గిదే ఇప్పుడు మన ఇంట్ల భాష.

పక్కింటి కమాలుద్దీన్ చాచా మల్లొక పావురం తెచ్చిండు. వెచ్చటి నెత్తురు రాస్తే లక్వా పోయి చెయ్యి లేస్తదట. అమ్మ రాసింది. ఇల్లంత ఈగలు. పావురం ఊకెనే సచ్చింది.

అసలు ముచ్చట ఇది. పొద్దున మన చీనా సేఠ్ వచ్చిండు, సైకిల్ మీద సిల్కు మూటలేసుకొని గల్లీలు తిరిగేటాయన. బాపు షేర్వానీల అస్తరు గుడ్డ ఆయన దగ్గరనే గద తీసుకునేది. బాపును చూసి మూట కింద పడేసిండు. చెయ్యి పట్టుకొని మస్తుసేపు నాడి చూసిండు. సూదులు ఏస్తే జర ఆశ ఉండొచ్చన్నడు. ఎల్లుండి నుంచి సురూ చేస్తున్నం.

కాజాలు కుట్టి కుట్టి వేళ్లు పొక్కిన నీ తమ్ముడు,
కృష్ణయ్య

*

పరేలు, బొంబాయి,
24 అక్టోబరు 1940

చిరంజీవి కృష్ణయ్యకు అన్న సోమయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. రైల్లో నుంచి అన్న మాట కోపంలో అన్నది. వెనక్కి తీసుకోను గాని మళ్లీ అనను. నీ వదిన రుక్మాబాయి కూడా నన్నే తిట్టింది.

బాపుకు సూదులు వేయిస్తున్నావని చదివి నా కడుపు చల్లబడింది. నేనుండగా ఆ మాట ఎత్తితే అమ్మ భయపడింది, నేనూ గట్టిగా అనలేకపోయాను. మిల్లు దవాఖానాలో కాంపౌండరుగా ఉంటూ సొంత తండ్రికి పావురం నెత్తురు రాస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ పని నువ్వు చేశావు. శాబాష్.

అయితే డాక్టరు పేరు రాయలేదు. సేఠ్ తీసుకొచ్చాడంటే పెద్దవాడే అయి ఉంటాడు. సీసా మీద ఏమి రాసి ఉందో చూడు. ఇంగ్లీషు తెలియకపోతే బొమ్మలాగా గీసి పంపు, మా డాక్టరు గారికి చూపిస్తాను. ఎన్నాళ్లకొక సూది వేస్తున్నాడు? వేసిన చోట గట్టిపడితే ఉప్పు మూటతో కాపడం పెట్టు.

మేము గది తీసుకున్న చాల్ మేడ కింద ఒక గుజరాతీ దర్జీ ఉన్నాడు. రోజూ మెట్ల దగ్గరే కూర్చుని కుడతాడు. ఈ మధ్య అతని కుడిచేతి వైపు చూడకుండా పైకి ఎక్కి వస్తున్నాను. నిన్న పిలిచి, "క్యా భాయ్, నారాజ్ హో?" అని అడిగాడు. కోపమొచ్చిందా అని.

షర్తు మరిచిపోలేదు. బాపు సూది పట్టిన రోజు నువ్వు ఏ లారీ అయినా ఎక్కు.

అమ్మను జాగ్రత్తగా చూసుకో.

నీ మేలు కోరే అన్న,
సోమయ్య

*

శాలిబండ,
4 నవంబరు 1940

అన్నా,

నీ భాష బొంబాయికి పోయి ఇస్త్రీ చేయించుకున్నది. "కాపడం", "మేలు కోరే". అమ్మకు సదివి వినిపిస్తే "ఈయన ఎవరురా" అన్నది.

సీసా ఏందో అడిగినవు. ఉంది ఒకటి. దాని మీద గుర్రం బొమ్మ ఉంది. కింద రాత ఉంది గాని అంగ్రేజీ కాదు, నాకు రాదు. ఎన్నాళ్లకొకటి అంటవేంది? దినం ఇడిసి దినం ఏస్తడు, ఒక్కపారికి పదీ పన్నెండు. చేతికి, మోకాలి కింద, మూతి పక్కన. బాపు బెదురుతలేడు. సూదిని చూసుడు ఆయనకు కొత్తనా?

మొన్న ఒకటైంది. సేఠ్ ఒక సూది తీసి జర పట్టుకోమని నా చేతికిచ్చిండు. బాపు గొంతుల నుంచి "బ్బ" అని గర్జన. గిలాస ఇసిరికొట్టిండు. నొప్పైందేమోనని అందరం బెదిరినం. అమ్మకే సమజయింది.

"సూది చేతికిచ్చిండు గదరా" అన్నది.

నిజమే. చిన్నప్పుడు నువ్వు నేను దానికోసం ఎన్ని దెబ్బలు తిన్నం? "గుడ్డకు గుచ్చియ్యిరా గాడ్దికొడకా! సూది చేతికిస్తే ఇచ్చినోనికి తీసుకున్నోనికి లొల్లి పుడ్తది" అని. గిరాకీ పెద్దమనిషి సూది అడిగినా బాపు గుడ్డముక్కకు గుచ్చే ఇచ్చేది. సేఠ్‌కు చెప్పినం. నవ్వి, సూదిని దుప్పటికి గుచ్చి, నన్ను తీసుకోమన్నడు. బాపు శాంతించిండు.

కమాలుద్దీన్ చాచా అరుగు మీద నుంచి, "వారెవ్వా బుచ్చయ్యా, నోరు పోయింది గాని కానూన్ పోలే" అన్నడు. బాపు సగం మూతితోటి నవ్విండన్నా. పడిపోయినంక నవ్వుడు గదే మొదలు.

ఇంకోటి. దీనికోసమే, జల్ది చేరాలని, రెసిడెన్సీ బజారు అంగ్రేజీ టపా ఆఫీసు దాక నడుచుకుంట వచ్చి ఈ ఉత్తరం ఏస్తున్న. నిన్న సూది పడంగనే కుడిచేతి బొటనవేలు కదిలింది. నా కండ్లతోటి చూసిన. అమ్మ చూసింది. అమ్మ కొంగు నోట్లె పెట్టుకొని వంటింట్లకు పోయింది.

వచ్చేటప్పుడు లారీ కంపెనీ ముందటి నుంచి వచ్చిన. మేస్త్రీ గుర్తుపట్టిండు. "క్యా దర్జీ, సుయీ ఛోడా?" అన్నడు, సూది ఇడిసినవా అని. నెలాఖరుకు కొత్త లారీ వస్తదట. ఆగమని చెప్పిన.

నీ తమ్ముడు, సగం ఆజాద్,
కృష్ణయ్య

*

పరేలు,
14 నవంబరు 1940

తమ్మీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి భయమేసింది, రెండోసారి ఏడుపొచ్చింది.

భయం సంగతి ముందు. ఒక్కసారికి పన్నెండు సూదులా? ఏ డాక్టరు వేస్తాడురా అట్లా? గుర్రం బొమ్మ ఉన్న సీసా గురించి మా డాక్టరు గారిని అడిగితే, పశువుల మందేమో చూసుకో అన్నారు. ఇంగ్లీషు కాదంటున్నావు, జర్మనీ మందు కావచ్చని కూడా అన్నారు. ఈ యుద్ధంలో జర్మనీ మందు శాలిబండకు ఎట్లా వచ్చింది? దొంగసరుకైతే పాతది అయి ఉంటుంది. మీ డాక్టరును సిగ్గుపడకుండా అడుగు.

కాని వేలు కదిలిందన్నావు. ఆ మాట కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, "కదలిక ఉంటే దారి ఉంది. ఆ మందేదో పని చేస్తున్నట్టుంది, మధ్యలో ఆపవద్దని రాయి" అన్నారు. అందుకని చెబుతున్నాను. ఎవరు ఏమన్నా, డాక్టరు మారినా, అమ్మ వద్దన్నా, సూది ఆపవద్దు. నా మాటగా చెబుతున్నాను.

మన కులంవాళ్లు ఇక్కడ పరేల్లో చాలామంది ఉన్నారు. ఆదివారం భజనలో అందరికీ చెప్పాను, బుచ్చయ్య దర్జీ చెయ్యి లేస్తోందని. కొబ్బరికాయ కొట్టారు. కింద గుజరాతీ దర్జీకి నేనే వెళ్లి చెప్పాను. అతను కుడుతున్న బట్ట పక్కన పెట్టి నాకు చాయ్ తెప్పించాడు.

బాపు కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుస్తానా తీసి దిండు కింద పెట్టు. రోజూ చూసుకుంటాడు.

నీ అన్న,
సోమయ్య

*

శాలిబండ,
2 డిసెంబరు 1940

అన్నా,

నీ ఉత్తరం సదివి నేను నవ్విన, అమ్మ నవ్వింది, కమాలుద్దీన్ చాచా అరుగు మీద పడి పడి నవ్విండు. నవ్వి శానా దినాలయింది, అందుకే ముందు గదే రాస్తున్న.

డాక్టరు లేడన్నా. మందు లేదు. సూదులేసేది చీనా సేఠే. నీ లెక్క సూదిమందు కాదు, ఉత్త సూది. ఎంట్రుకంత సన్నగ, మన సూదికంటే పొడుగు, దానికి దారమెక్కే కన్ను ఉండదు. చర్మంల గుచ్చి, చాయ్ కాగినంత సేపు అట్లనే ఉంచి తీస్తడు. వాళ్ల దేశంల కాలు చెయ్యి పడ్డోళ్లకు గట్లనే చేస్తరట, ఆయన చిన్నాయన చేస్తుండెనట. గుర్రం సీసాల ఉన్నది సూదులు తీసినంక రుద్దే నూనె. నేను సూది అంటే నువ్వు సూదిమందు అనుకున్నవు. కాంపౌండర్ అయినంక దర్జీ ఇంట్ల పుట్టిన సంగతి మర్చిపోయినవు.

ఇగ నవ్వుడు అయిపోయింది. సేఠ్ ఎల్లిపోయిండు. వాళ్ల ఊరు జపానోళ్లు కాలబెట్టిన్రట, ఆయనోళ్లు మిగిలినంత మంది కలకత్తాల ఉన్నరట. సైకిల్ అమ్ముకున్నడు. పోయే ముందు బాపు దగ్గరికి వచ్చి కుడిచెయ్యి రెండు చేతులల్ల పట్టుకున్నడు. నన్ను గల్లీలకు పిలిచిండు.

"అంగూఠా నహీ హిలా. దర్ద్ హిలా" అన్నడు. వేలు కదల్లేదట. నొప్పి కదిలిందట.

"మై డాక్టర్ నహీ. దేర్ హో గయా. బస్ కరో" అన్నడు. ఆలస్యమయిందట, ఇగ చాలు, ఆపెయ్యమని.

ఆ మాట మొదటి దినమే ఎందుకు చెప్పలేదన్న. "తుమ్హారీ మా దేఖ్ రహీ థీ" అన్నడు. అమ్మ చూస్తుండెనట. గందుకు చెప్పలేదట. ఆయన సూదులు రెండు ఇయ్యమంటే ఇయ్యలే. "యే సుయీ నహీ, హాథ్ కా కామ్ హై" అని, అంటే పని సూదిది కాదు చేతిదని, డబ్బీ జేబుల పెట్టుకొని పోయిండు.

ఆయన ఆపమన్నడు. నువ్వు ఆపొద్దన్నవు. నువ్వు నా అన్నవు, ఆయన సిల్కు అమ్మేటోడు. ఎవలి మాట వినాలె?

ఎక్కడెక్కడ గుచ్చిండో నాకు ఎరుకే. అన్ని దినాలు పక్కన నిలబడ్డ. బాపు సూదుల డబ్బీ తీసిన, అన్నిట్ల సన్నటిది, కాజాలు కుట్టేది. నీళ్లల్ల ఉడకబెట్టిన. బొటనవేలి మొదట్ల, మోచేతి కాడ, అవే జాగలల్ల. బాపు నా మొఖం చూసిండు. ఏం అనలే, ఏమంటడు? అమ్మ మొదలు వద్దన్నది. సోమన్న ఆపొద్దని రాసిండని సదివి వినిపిస్తే ఊకున్నది.

నువ్వు నమ్మవు గాని పని చేస్తుందన్నా! ఇన్ని దినాలు ఆ చెయ్యి సల్లగ ఉండె. ఇప్పుడు వేడిగైంది. బొటనవేలు కాడ ఎర్రగయింది, నిండుగ ఉబ్బింది. సచ్చిన చెయ్యి గట్ల అయితదా? నెత్తురు తిరుగుతుంది. ముట్టుకుంటే బాపు మూలుగుతుండు. నొప్పి తెలుస్తుందంటే చెయ్యికి జీవం వచ్చినట్టే గద.

లారీ మేస్త్రీ ఇంకో పది దినాలు ఆగుతనన్నడు. అంగుస్తానా దిండు కింద పెట్టిన.

నీ మాట జవదాటని తమ్ముడు,
కృష్ణయ్య

*

పరేలు,
8 డిసెంబరు 1940

ఒరేయ్ కిష్టిగా,

ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడే రాస్తున్న. ఆపు. సూది ముట్టకు. వేడి, ఎరుపు, వాపు అంటే నెత్తురు తిరుగుడు కాదురా, చీము పడుతుంది! బాపును ఇప్పటికిప్పుడు జట్కా ఎక్కించి పెద్ద దవాఖానాకు తీస్కపో. ఈ ఉత్తరం చేరేలోపే నీకు బుద్ధి వచ్చి ఉంటే బాగుండు.

బట్టలు కుట్టే సూదినా? మన బాపు నీకు గుడ్డ అనుకున్నవా, ఏడబడితే ఆడ గుచ్చనీకి? సేఠ్ ఆపమని చెప్పిపోయిండు గద, నీకు చెవులు లేవా? నేను ఆపొద్దన్నది డాక్టరు సూదిరా. నాకేం ఎరుక నువ్వు దర్జీ డబ్బీ తెరుస్తవని?

లారీ కోసం బాపు చెయ్యి కుడుతున్నవురా నువ్వు. రైల్లో నుంచి అన్న ఆ మాట మల్లొకసారి అంటున్న.

మిల్లుల సెలవు అడిగిన. లడాయి ఆర్డర్లు ఉన్నయట, ఇయ్యరట. ఇక్కడ అందరు బాపు చెయ్యి ఎట్లుందని అడుగుతున్నరు. గుజరాతీ దర్జీ తన అంగుస్తానా తీసి ఇచ్చిండు, మీ నాయనకు కొత్తది పంపమని. అది జేబుల పెట్టుకొని తిరుగుతున్న.

సోమయ్య

*

శాలిబండ,
15 డిసెంబరు 1940

అన్నా,

నిన్న నీ ఉత్తరం చేరింది. కోపమొస్తే నీ ఇస్త్రీ అంత నలిగింది, మన భాషే వచ్చింది. అమ్మకు మొత్తం సదివి వినిపించలే. లారీ మాట కాడ ఆపిన.

ఆ మాటకు ఈసారి నా దగ్గర జవాబు లేదు. ఉరకనీకి ప్లాట్‌ఫారం గూడ లేదు.

నీ ఉత్తరం కంటే ముందే సూది ఆగింది. ఎట్ల ఆగిందో రాస్త.

పోయిన వారం, శనివారం పొద్దున బొటనవేలి మొదట్ల సూది గుచ్చి, చాయ్ పొయ్యి మీద పెట్టనీకి లేచిన. తిరిగి చూసేసరికి బాపు ఎడమ చేత్తోటి ఆ సూదిని పట్టుకున్నడు. పీకిండు. అన్ని దినాలు గిలాస తప్ప ఇంకోటి పట్టని వేళ్లు, ఎంత బాగ పట్టుకున్నయో! దర్జీ పట్టు, మొన కిందికి. ఆ గుచ్చిన జాగల నుంచి చీము వచ్చింది. నేను దగ్గరికి పోయిన. బాపు నన్ను చూసి, సూదిని నా చేతికిచ్చిండు.

చేతికే ఇచ్చిండన్నా. పక్కనే దుప్పటి ఉంది, నా అంగీ ఉంది, దిండు ఉంది. ఏ గుడ్డకు గుచ్చలే. నా అరచెయ్యి తెరిచి, అండ్ల పెట్టి, వేళ్లు మూసిండు.

అమ్మ అన్నది: "నీతోని లొల్లి పెట్టుకున్నడురా. పెట్టుకోని. కోపమొచ్చిందంటే మనిషి మన మధ్యనే ఉన్నట్టు." సంతోషపడ్డది.

నాకు గట్ల అనిపియ్యలే. మొన్న సేఠ్ చేతికిస్తే గర్జించిన మనిషి ఆయన. ఆ కానూన్ తప్పితే ఆయనకు ఇంకేం మిగల్లే. అది గూడ మర్చిపోయిండేమోనని బెదిరిన. లొల్లి పెట్టుకున్నడో, మర్చిపోయిండో చెప్పనీకి ఆయనకు ఒక్క అక్షరమే ఉంది.

ఆ దినమే నేను, కమాలుద్దీన్ చాచా కలిసి జట్కాల దవాఖానాకు తీస్కపోయినం. బొటనవేలు కాడ గాటు పెట్టి చీము తీసిన్రు. నీ అసలైన సూదిమందు గూడ ఏసిన్రు. సీసా మీద గుర్రం లేదు, చూసిన. డాక్టర్ నన్ను తిడతడనుకున్న. తిట్టలే. కట్టు కట్టుకుంట, "తుమ్ నహీ కర్తే తో భీ యే హాథ్ నహీ ఆతా" అన్నడు. నేను గుచ్చకపోయినా ఈ చెయ్యి రాదట. పడిపోయిన నాడే పోయిందట. తిట్టినా బాగుండు.

ఇంటికి తెచ్చుకున్నం. జ్వరం దిగుతుంది, ఎక్కుతుంది. అమ్మ ఎడమ చెయ్యి పట్టుకొని కూసుంటుంది.

లారీ పోయింది. మేస్త్రీ వేరే పోరన్ని పెట్టుకున్నడు. పోయేటప్పుడు మన గల్లీ ముందట నుంచే పోయిందట, చాచా చెప్పిండు. నేను మిషను మీద ఉన్న, సప్పుడుకు వినపడలే.

షర్తు సంగతి అడుగుత. బాపు కుడిచేత సూది పట్టేదాక అన్నవు. ఎడమచేత పట్టిండు. లెక్కకొస్తదా, రాదా? వద్దు, జవాబు రాయకు. నాకు ఎరుకే.

గుజరాతీ దర్జీ అంగుస్తానా పంపకు. ఆయనకే ఇచ్చెయ్. నిజం చెప్పు ఆయనకు. కొబ్బరికాయ కొట్టినోళ్లకు గూడ చెప్పు.

ఇయ్యాల పొద్దున ఒక పని చేసిన. సూదికి దారమెక్కించి, గుడ్డకు గుచ్చి, బాపు ఎడమ చెయ్యి కాడ పెట్టిన. "జర అందియ్యి బాపూ" అన్న. ఒకవేళ గుడ్డతోటి కలిపిస్తే కానూన్ యాదికున్నట్టు. సూదిని పీకి చేతికిస్తే నాతోని లొల్లి ఉన్నట్టు. ఏదైనా సరే అనుకున్న. సూది దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. ముట్టలే. ఇప్పటిదాక ముట్టలే. ఆ గుడ్డ ఆడనే ఉంది, నేను తీయలే, రాసుకుంట మాటిమాటికి గదే చూస్తు

గిలాస మోగుతుంది. ఒక్కసారి కాదు, ఆపుతలేడు. పోవాలె.